తీగను ఎంతవరకు లాగాలి



ఆహ్వానపత్రం మీద మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా అచ్చువేశారు. నేను మాత్రం ఈ గంటసేపూ ఆయన్ని మాస్టారు అనే అంటాను. పదిహేనో ఏట మొదలైన పిలుపు అది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా ఆయన్ని అలా పిలిచినవాళ్ళే కనుక, ఎవరి గురించి మాట్లాడుతున్నానో వేరే చెప్పనక్కర్లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. మాస్టారు సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేశారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇనుముతో, కొలతలతో పని. గిటార్ మాత్రం తోటి ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులను చూసి, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ రోజుల్లో జరిగే డాన్సుల్లో విని నేర్చుకున్నారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఆరున్నరకల్లా క్వార్టర్ ముందుగదిలో చాప పరిచేవారు. ఆ గదిలో ఒక గిటారు, ఒక టేప్‌రికార్డరు, వాళ్ళ నాన్నగారి నాటి హార్మోనియం ఉండేవి. గిటారు నేర్చుకుందామని వచ్చినవాణ్ణి మొదటి నెలంతా హార్మోనియం ముందే కూర్చోబెట్టేవారు. ఆయన ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే మేం ఆ స్వరం పాడాలి. చాలామంది ఆ నెలలోనే మానేసేవారు. ఉన్నవాళ్ళకు రెండో నెలలో గిటారు చేతికొచ్చేది, కానీ షరతు మాత్రం పోయేది కాదు. ఏ వరుస వాయించాలన్నా ముందు పాడి వినిపించాలి.

క్లాసు అయ్యాక మేమంతా ఇరానీ హోటల్లో చేరేవాళ్ళం. అక్కడ రోజూ ఒకటే వాదన. సెకనుకు ఎన్ని స్వరాలు పలికించగలడన్నది గొప్పా, ఒక్క స్వరంతో ఒళ్ళు జలదరింపజేయడం గొప్పా? ఒక బల్ల దగ్గర యింగ్వీ మాల్మ్‌స్టీన్ భక్తులు, ఇంకో బల్ల దగ్గర బి.బి. కింగ్ భక్తులు. ఈ వాదన మా హోటల్లో పుట్టింది కాదు. రాక్ గిటారు పుట్టిననాటినుంచి, అది వాయించే ప్రతి ఊళ్ళోనూ ఉంది. తీర్పు కోసం మాస్టారి దగ్గరికి పోతే ఆయన ఎవరి వైపూ మాట్లాడేవారు కాదు. "ముందు ఆ తీగను శ్రుతికి లాగి చూపించరా" అనేవారు. ఆ మాట దాటవేత కాదనీ, అదే జవాబనీ నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

తీగ లాగడం అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. గిటారు వాయించని మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. రెండో తీగ, ఎనిమిదో ఫ్రెట్. ఉంగరపు వేలు తీగ మీద ఉంటుంది. మధ్యవేలూ చూపుడువేలూ దాని వెనక ఆసరాగా నిలబడతాయి. బొటనవేలు గిటారు మెడ పైఅంచు మీదుగా కొక్కెంలా పట్టుకుంటుంది. కొత్తవాడు వేళ్ళ బలంతో తోస్తాడు. తెలిసినవాడు మణికట్టు తిప్పుతాడు, తాళంచెవి తిప్పినట్టు. తీగ అడ్డంగా జరుగుతుంది, పక్క తీగను కూడా తోసుకుంటూ పోతుంది. బిగువు పెరిగేకొద్దీ స్వరం పైకి లేస్తుంది. అది పదో ఫ్రెట్‌లో పలకాల్సిన స్వరం దాకా లేచి అక్కడ ఆగాలి.

కష్టమంతా ఆ ఆగడంలో ఉంది. మామూలుగా వాయించేటప్పుడు రెండు ఫ్రెట్ల మధ్య ఎక్కడ నొక్కినా స్వరం సరిగానే పలుకుతుంది, ఎందుకంటే కొలత కొలిచి ఆ లోహపు పట్టీని అక్కడ దించినవాడు మన పని ముందే చేసిపెట్టాడు. తీగను లాగిన క్షణంలో ఆ సాయం పోతుంది. రవ్వంత తక్కువైతే స్వరం నీరుగారిపోతుంది, రవ్వంత ఎక్కువైతే చెవి కోస్తుంది. మాస్టారు హార్మోనియం మీద ఆ పైస్వరం నొక్కిపట్టి, మమ్మల్ని కళ్ళు మూసుకుని లాగమనేవారు. తీగ శ్రుతికి దగ్గరపడేకొద్దీ రెండు స్వరాల మధ్య ఒక అదురు వినిపిస్తుంది. ముందు వేగంగా, తరవాత నెమ్మదిగా, సరిగ్గా కలిసినప్పుడు అదురు ఆగిపోతుంది. ఆ నిశ్చలం వినిపించేదాకా ఆయన మెట్టు మీంచి వేలు తీసేవారు కాదు. వేలికొనల మీద స్టీలు తీగల నల్లటి గీతలతో ఇంటికి పోయేవాళ్ళం. "షాపులో గేజి పెడితే తేడా తెలిసిపోతుంది. ఇక్కడ నీ చెవే గేజి" అనేవారు.

ఇప్పుడు బి.బి. కింగ్ దగ్గరికి వద్దాం. ఆవేశం పక్షం వాళ్ళు మొదట చెప్పే పేరు ఆయనది. మిసిసిపీ పత్తిచేల మధ్య 1925లో పుట్టిన మనిషి. తనకు కార్డ్స్, అంటే స్వరాలు గుత్తిగా కలిపి మోగించడం, రాదని తానే బాహాటంగా చెప్పుకున్నాడు. పాడేటప్పుడు వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. గొంతు ఒక మాట అంటే గిటారు దానికి బదులు చెబుతుంది, అంతే. 1969 నాటి 'ద థ్రిల్ ఈజ్ గాన్' వినండి. స్వరాలు లెక్కపెట్టేటన్నే ఉంటాయి. నైపుణ్యం తక్కువ, హృదయం ఎక్కువ అని దీనికి చీటీ అతికించేస్తారు. ఆ చీటీ తప్పు.

ఆయన ఎడమచేతి కదలిక గురించి ఆలోచించండి. కుర్రతనంలో మెంఫిస్‌లో తన బంధువు బుక్కా వైట్ దగ్గర ఉన్నాడు. ఆయన తీగల మీద లోహపు గొట్టం జార్చి వాయించే స్లైడ్ గిటారు విద్వాంసుడు. ఆ జారుడు స్వరం కింగ్‌కు పిచ్చిగా నచ్చింది గానీ స్లైడ్ చేతికి లొంగలేదు. ఆ ధ్వనిని వట్టి వేళ్ళతో రప్పించాలని పట్టుబట్టాడు. బొటనవేలు మెడ మీంచి వదిలేసి, చూపుడువేలి కొన ఒక్కటే ఇరుసుగా, చెయ్యంతా సీతాకోకచిలుక రెక్కలా అల్లాడే ఆ వైబ్రాటో అలా పుట్టింది. అందులో ఒక క్రమం ఉంది. స్వరం చేరగానే చెయ్యి అదరదు. ఒక్క క్షణం స్వరం నిటారుగా నిలబడుతుంది, అప్పుడు కంపనం మొదలవుతుంది. కంపనం వేగం పాట నడకతో కలుస్తుంది. నైపుణ్యం లేని చేతికి సాధ్యమయ్యే పనేనా ఇది?

ఇంకో సంగతి. మన సంగీతం తెలిసినవాళ్ళకు వెంటనే అందుతుంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఒక చోటు ఉంది. బ్లూస్ వాయించేవాళ్ళు ఆ చోట నివసిస్తారు. తీగను కొద్దిగా, అతి కొద్దిగా లాగి, విషాదమూ సంతోషమూ కాని ఆ స్వరాన్ని పట్టుకుంటారు. శ్రుతి చూసే యంత్రం పెడితే అది తప్పని ఎర్రదీపం వెలిగిస్తుంది. కానీ కింగ్ దాన్ని ప్రతిసారీ అదే చోట పట్టుకున్నాడు. యంత్రం దగ్గర లేని కొలత ఆయన చెవిలో ఉంది. మనం ఆవేశం అని పిలిచేదాంట్లో చాలాభాగం, రాసుకోవడానికి గుర్తులు లేని కచ్చితత్వం.

"మరి నిజంగా మొరటుగా వాయించినవాళ్ళ మాటేమిటి?" అని అడగవచ్చు. అడగాలి కూడా. 1958లో లింక్ రే 'రంబుల్' రికార్డు చేసేటప్పుడు, కావలసిన గరుకుదనం కోసం యాంప్లిఫయర్ స్పీకర్లకు పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. మాటల్లేని ఆ వాద్యపు పాటను, కుర్రాళ్ళ కొట్లాటలను రెచ్చగొడుతుందని, అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు వినిపించడానికి నిరాకరించాయి. ఒక్క మాట లేని పాటకు నిషేధం! 1964లో లండన్‌లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్, పదిహేడేళ్ళ కుర్రాడు, తన చిన్న యాంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చాడు. 'యూ రియల్లీ గాట్ మీ'లో ఆ గుర్రుమనే ధ్వని అక్కడిదే.

ఈ కథలు చెప్పేవాళ్ళు చిల్లుల దగ్గర ఆగిపోతారు. చినిగిన స్పీకర్‌తోనే ఆ శక్తి వచ్చేట్టయితే ప్రతి పాత సామాన్ల కొట్టులోనూ రాక్ సంగీతం మోగుతూ ఉండేది. 'యూ రియల్లీ గాట్ మీ'లో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ రిఫ్‌ను ఇంటికి పోయి విని చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీని వినండి. ప్రతి ఖాళీ ఒకే పొడవు, ప్రతి దెబ్బ ఒకే బరువు. చీలింది స్పీకర్ ఒక్కటే, లయ చీలలేదు. 1976లో వచ్చిన రామోన్స్ తొలి ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలు అరగంటలోపే ముగిసిపోతాయి. వాయించడం రానివాళ్ళ సంగీతమని చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. ఆ బృందపు గిటారిస్టు జానీ రామోన్ కుడిచెయ్యి పిక్‌తో ప్రతి దెబ్బా కిందికే కొడుతుంది. మామూలుగా కిందికీ పైకీ మార్చి మార్చి కొట్టి చెయ్యికి ఊపిరి ఇస్తాం. ఆయన ఆ ఊపిరి ఇవ్వలేదు. నా శిష్యుల్లో వేగంలో ఆరితేరిన ఒకబ్బాయి ఆ పద్ధతిలో ఒక్క పాట వాయించబోయి, సగం దాటకుండానే ముంజేయి పట్టుకుని కూర్చున్నాడు. మొరటుతనం కూడా సాధనతోనే వస్తుందని ఆ కుర్రాడికి నేను చెప్పనక్కర్లేకపోయింది.

మాస్టారికి అందరికన్నా దగ్గరివాడు గిటారిస్టు టోనీ అయోమీ. కారణం మీరు ఊహించే ఉంటారు. ఆయనా ఇనుము పనివాడే. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళప్పుడు, ఉద్యోగం మానబోయే చివరి రోజున, యంత్రం కింద కుడిచేతి మధ్యవేలి కొనా ఉంగరపు వేలి కొనా పోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ చేతితోనే. ఇక గిటారు లేదనుకున్నాడు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించింది. ఆయనకు 1928లో నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి, మిగిలిన వేళ్ళతోనే యూరప్‌ను ఊపేశాడు. అది విన్నాక అయోమీ గిన్నెలు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేలికొనలకు టోపీల్లా మలిచాడు. మీద తోలు ముక్క అతికించాడు. ఆ టోపీలతో తీగ స్పర్శ తెలియదు, తోలు పట్టు అంతంతమాత్రం. అందుకని సన్నటి బాంజో తీగలు బిగించాడు. తరవాత తీగల శ్రుతిని బాగా దించేశాడు, 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్ నాటికి మూడు మెట్లు కిందికి. తీగ వదులైంది, వేలికి బాధ తగ్గింది, ధ్వని నేల కిందనుంచి వచ్చినట్టు బరువెక్కింది. హెవీ మెటల్ అని ప్రపంచం పిలిచే సంగీతపు గొంతు చాలావరకు ఆ దెబ్బతిన్న వేళ్ళనుంచి వచ్చింది.

ఈ కథ చెప్పిన ప్రతిసారీ మాస్టారు ఒక్క చోట ఆగేవారు. టోపీ ఎంత మందం ఉండాలి, తోలు ఏ వైపు తిప్పాలి, ఎన్నిసార్లు గీకి సరిచేసి ఉంటాడు అని. నొప్పి గురించి మేం మాట్లాడుకుంటుంటే ఆయన ఫిట్టింగ్ గురించి మాట్లాడేవారు. మెరుగుపెట్టే కాగితం మీద వేలికొనంత వస్తువును పట్టి రుద్దడం ఎంత కష్టమో ఆయన వేళ్ళకు తెలుసు.

హెండ్రిక్స్ లేకుండా ఈ ఉపన్యాసం పూర్తికాదు. 1969 ఆగస్టు 18, సోమవారం పొద్దున్న. ఉడ్‌స్టాక్ ఉత్సవం ఆదివారంతో ముగియాల్సింది, ఆలస్యమై మర్నాటికి జారింది. జనంలో చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. బురద, చెత్త, నిద్రలేని ముఖాలు. అప్పుడు ఆయన అమెరికా జాతీయగీతం ఎత్తుకున్నాడు. వియత్నాం యుద్ధం రోజులు. హెండ్రిక్స్ తానే ఒకప్పుడు సైన్యంలో 101వ ఎయిర్‌బోర్న్ దళంలో పారాచూట్ సైనికుడు. గీతంలో రాకెట్ల ప్రస్తావన వచ్చే చోట గిటారు విమానమై కూలుతుంది, బాంబై పేలుతుంది, మనుషులై కేకలు వేస్తుంది. ఆ మధ్యలో సైనికుల అంత్యక్రియల్లో ఊదే బ్యూగిల్ వరుస కూడా వస్తుంది.

ఇంతకన్నా నిప్పులాంటి వాయిద్యం రాక్‌లో లేదని నేను నమ్ముతాను. అయినా ఒక సంగతి గమనించండి. ప్రతి పేలుడు తరవాతా గీతం ఆగినచోటనుంచే మొదలవుతుంది, సరైన స్వరం మీద. ట్రెమొలో కడ్డీని నొక్కి తీగలన్నిటినీ ఒక్కసారి వదులు చేసి, మళ్ళీ వదిలితే తీగల శ్రుతి కదిలిపోతుంది. అది ఆ కడ్డీ ఉన్న గిటార్లకు మామూలుగా ఉన్న బాధే. కదిలిన శ్రుతిని వాయిస్తూనే వేళ్ళతో సరిదిద్దుకుంటూ పోయాడు. ఫీడ్‌బ్యాక్ అన్నది యాంప్ ధ్వని తిరిగి గిటారు తీగల్లోకి దూరి ఎడతెగకుండా అరవడం. అందరికీ అది పొరపాటు. ఆయన యాంప్‌కు ఎంత దూరంలో నిలబడాలో, గిటారును ఎటు తిప్పితే ఏ స్వరం అరుస్తుందో తెలిసి నిలబడ్డాడు. ఆ గీతాన్ని అంతకుముందు ఏడాదినుంచే కచేరీల్లో వాయిస్తున్నాడు కూడా. ఆ పొద్దుటి ఆవేశం ఏడాది సాధనమీద నిలబడింది. అలా చెప్పినందువల్ల దాని వేడి ఏమాత్రం తగ్గదు.

ఇంకా ముందుకు పోతే, ఆవేశాన్ని కూర్చుని ఏరుకున్నవాడు కూడా ఒకడున్నాడు. పింక్ ఫ్లాయిడ్‌లో డేవిడ్ గిల్మోర్. 1979లో వచ్చిన 'ద వాల్'లో 'కంఫర్టబ్లీ నంబ్' చివరి సోలో విని కళ్ళు చెమర్చనివాళ్ళు తక్కువ. ఒక్క గుక్కలో గుండెలోంచి తన్నుకొచ్చినట్టుంటుంది. అది ఎలా తయారైందో ఆయనే వివరించాడు. ఐదారు సోలోలు వేరువేరుగా వాయించి రికార్డు చేశాడు. ఒక్కొక్కటీ విని, ఏ గతిలో ఏ ముక్క బాగుందో కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. తరవాత మిక్సింగ్ బల్ల దగ్గర ఒక్కో ముక్కనూ పైకి తెస్తూ, మరోదాన్ని దించుతూ కలిపాడు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు మోసపోయినట్టు అనిపించింది. మాస్టారితో అన్నాను. ఆయన టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టి, "ఏడుపొచ్చిందా?" అని అడిగారు. వచ్చిందన్నాను. "మరి ఇంకేం కావాలి?" అన్నారు. ఏ ముక్క నిజమో ఏది అలవాటో గుర్తుపట్టడానికి కూడా హృదయమే కావాలని నాకు ఇప్పుడు తెలుసు. గుర్తులు పెట్టిన చెయ్యీ వాయించిన చెయ్యీ ఒకటే కదా.

అదే పాట మీద గిల్మోర్‌కూ అదే బృందంలోని రోజర్ వాటర్స్‌కూ పెద్ద గొడవ జరిగింది. మన విషయం సరిగ్గా అదే. లయ ట్రాకు ఒకటి వదులుగా, ఒకటి బిగువుగా రెండు వాయించారు. వదులుది సరిగా లేదని గిల్మోర్, అదే కావాలని వాటర్స్. చివరికి రెంటినీ కలిపి సర్దుకున్నారు. కొన్నేళ్ళ తరవాత గిల్మోర్, ఇప్పుడు ఆ రెండూ వినిపిస్తే తేడా చెప్పలేనని ఒప్పుకున్నాడు.

ఇక అవతలి బల్ల వాళ్ళ సంగతి. వేగం పక్షాన్ని నేను చిన్నచూపు చూడను, చూసేవాళ్ళను సమర్థించను. యింగ్వీ మాల్మ్‌స్టీన్ స్వీడన్‌లో 1963లో పుట్టాడు. 1984లో 'రైజింగ్ ఫోర్స్' వచ్చినప్పుడు, బాఖ్, పగనీనీల వయొలిన్ వరుసల్ని ఎలక్ట్రిక్ గిటారు మీద ఆ శుభ్రతతో, ఆ వేగంతో వినిపించడం చూసి ప్రపంచమంతా నోరు తెరిచింది. వేల మంది కుర్రాళ్ళు మెట్రోనోమ్ ముందు కూర్చున్నారు. కానీ ఆయన గిటారు పట్టడానికి కారణమేమిటో తెలుసా? 1970 సెప్టెంబర్ 18న, హెండ్రిక్స్ చనిపోయిన రోజున, ఏడేళ్ళ పిల్లవాడు టీవీలో ఆయన గిటారును తగలబెట్టే దృశ్యం చూశాడు. అందరికన్నా శుభ్రంగా వాయించే చెయ్యి ఆ మంటను చూసి లేచింది. మాల్మ్‌స్టీన్ తన గిటారు ఫ్రెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించాడు. వేలికి చెక్క తగలదు, తీగ మాత్రమే తగులుతుంది, అందుకే దాన్ని ఎంతైనా లాగవచ్చు. వీణ మెట్ల మీద తీగ లాగినవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్త కాదు. అంత వేగం గల మనిషి అలా తొలిపించుకున్నది తీగ లాగడంలో, కంపనంలో స్వేచ్ఛ కోసం కూడా అని చాలామంది శిష్యులు గమనించరు. వేగాన్ని నకలు చేస్తారు, వైబ్రాటోను వదిలేస్తారు.

ఎడ్డీ వాన్ హాలెన్ 'ఇరప్షన్' 1978లో వచ్చింది. ఒక నిమిషం నలభై రెండు సెకన్లు. రెండు చేతుల వేళ్ళతోనూ ఫ్రెట్ల మీద కొట్టే ఆ ట్యాపింగ్ పద్ధతి ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. ఆల్బమ్ కోసం అనుకున్నది కాదు. కచేరీ కోసం చేతులు వేడి చేసుకుంటుంటే నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ విని, ఇదేమిటి, దీన్ని రికార్డు చేద్దాం అన్నాడు. అందులో ఒక తప్పు ఉందని, ఇంకా బాగా వాయించగలిగేవాణ్ణని, విన్నప్పుడల్లా అదే గుర్తొస్తుందని ఎడ్డీ చివరిదాకా చెబుతూ వచ్చాడు. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి నేను ఒక వేసవి సెలవులంతా ఖర్చుపెట్టాను. దొరకలేదు. నాకు వినిపించేదల్లా ఒక కుర్రాడి పట్టరాని సంతోషం. వేగంలో కూడా అనుభూతి ఉంటుంది, సంతోషం అనుభూతి కాదా?

ఆ వేసవి ముగిశాక ఒక కాలేజీ పోటీలో నేను అలాంటి వేగంతోనే ఒక సోలో వాయించాను. ఒక్క స్వరం తప్పలేదు. చప్పట్లు, ఈలలు, బహుమతి. వెనక వరసలో మాస్టారు కూర్చున్నారు. బయటికొచ్చాక భుజం మీద చెయ్యివేసి, "బాగా కష్టపడ్డావురా. ఎక్కడ ఊపిరి పీల్చావు?" అన్నారు. నేను తెల్లబోయాను. పాడేవాడికి పంక్తి చివర ఊపిరి అయిపోతుంది. ఆగాలి, పీల్చుకోవాలి, మళ్ళీ ఎత్తుకోవాలి. వేళ్ళకు ఆ అవసరం లేదు, అవి ఆగకుండా పోగలవు. అందుకే ముందు పాడమనేది అని ఆ రోజు రైల్వే గేటు దగ్గర నిలబడి చెప్పారు. ఆ ప్రశ్నతోనే నా వాయిద్యం మారింది.

ఆ తరవాత నేను విన్నవాళ్ళందరిలోనూ ఆ ఊపిరి వెతికాను. జెఫ్ బెక్ పిక్ పారేసి వట్టి వేళ్ళతో వాయించడం అలవాటు చేసుకున్నాక, 1989లో 'వేర్ వర్ యూ' అనే మాటల్లేని పాట చేశాడు. బల్గేరియా స్త్రీల బృందగానం విని, ఆ గొంతుల్ని తీగమీదికి తేవాలని చేసింది. ట్రెమొలో కడ్డీని నూలుపోగంత కదిలిస్తూ స్వరాన్ని చేర్చడం అందులో వింటారు. ఇంతటి కష్టమైన వాయిద్యం రాక్‌లో అరుదు, ఇంతటి మెత్తటిది కూడా అరుదే. నీల్ యంగ్ 1969లో 'సినమన్ గర్ల్'లో ఒకే స్వరాన్ని పదేపదే మోగించి దాన్నే సోలో అన్నాడు. 1991లో 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'లో కర్ట్ కొబేన్ సోలో చోట తాను పాడిన వరుసనే గిటారు మీద తిరిగి వాయించాడు. అప్పుడు మేం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. ఆ కుర్రాడు ముందు పాడాడు కదా, ఇంక మీ గొడవేమిటి అన్నారు.

పాడి వాయించడం గురించి మాట్లాడుతూ, మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ను తలుచుకోకుండా ఉండలేను. ఆయన రాక్ వాద్యకారుడు కాడు, కర్ణాటక సంగీత విద్వాంసుడు. కానీ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఆయన ఎదుర్కొన్న చిక్కు రాక్ గిటారిస్టుల చిక్కే. మెట్లున్న వాద్యం మీద మెట్ల మధ్య స్వరాన్ని ఎలా రప్పించాలి? మాండొలిన్‌కు జంట తీగలు నాలుగు. జంటను లాగితే గమకం పలకదు. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు బిగించుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగమీద పట్టుకునేవాడు. గొంతులోంచి తీగలోకి పోయిన పాఠం అది. తరవాతి కాలంలో ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన కూర్చుని వాయించాడు. ఆ మెక్‌లాగ్లిన్ అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకుని, గమకాల కోసం తన గిటారు ఫ్రెట్ల మధ్య చెక్కను తొలిపించుకున్నవాడు. ఇద్దరి వేగమూ అసాధారణం. ఇద్దరూ కలిసి వాయించిన రికార్డుల్లో నాకు మిగిలిపోయేది మాత్రం, ఒకరు స్వరం మీద నిలిచినప్పుడు రెండోవారు ఆగి వినడం.

ఇవాళ నా దగ్గరికి వచ్చే పిల్లలు నాతో మొదట చెప్పే మాట ఒక అంకె. "సార్, నూట ఎనభై వచ్చింది" అంటారు. నిమిషానికి మెట్రోనోమ్ కొట్టే దెబ్బల లెక్క అది. మెట్రోనోమ్‌ను నేను కాదనను, నా బల్లమీద ఇప్పటికీ ఉంది. కానీ వేగానికి అంకె ఉంది, తీగ ఎంత లాగాలో దానికి లేదు. అంకె ఉన్నదాన్ని నేర్పడం సులువు, పరీక్షలో మార్కులు వేయడం సులువు, ఇంట్లో అమ్మానాన్నలకు చూపించుకోవడమూ సులువే. అందుకే మన క్లాసుల్లో అది పెరిగి, రెండోది ఎండిపోతోంది. రికార్డింగు గదిలో అయితే కంప్యూటరు ప్రతి దెబ్బనూ కొలత గీతమీదికి జరిపేస్తోంది, ప్రతి స్వరాన్నీ శ్రుతికి దిద్దేస్తోంది. 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్' మొదలైనప్పటికన్నా ముగిసేసరికి బాగా వేగం పుంజుకుంటుంది. దాని గిటారిస్టు, స్టూడియో వాద్యకారుడిగా పెరిగిన జిమ్మీ పేజ్‌కు మొదట నేర్పిన నియమమే లయ పరుగెత్తకూడదని. తెలిసే ఆ నియమం తప్పించానని ఆయన చెప్పాడు. ఇవాళ ఆ పాటను గీతలమీద కూర్చోబెడితే అది చచ్చిపోతుంది.

కచ్చితంగా వాయించలేనివాడు అనుభూతి పేరు చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చదు. అనుభూతి లేనివాడు అంకెల వెనక దాక్కోవడం అంతకన్నా నచ్చదు. రెండిట్లో ఏది పెద్ద తప్పని మీరు నిలదీస్తే, రెండోదే అంటాను. తీగ శ్రుతికి చేరనివాణ్ణి రోజూ ఒక గంట కూర్చోబెడితే చేరుస్తాడు. పాడమంటే సిగ్గుపడి తల దించుకునే పిల్లవాడికి, ఆ సిగ్గు పోగొట్టడానికి నాకు ఏళ్ళు పడుతోంది.

మాస్టారి గిటారు వేదిక పక్కన ఆ స్టాండు మీద ఉంది. నిన్న రాత్రే కొత్త తీగలు బిగించి శ్రుతి చేశాను. హార్మోనియం కూడా వాళ్ళమ్మాయి పంపించారు. సభ ముగిశాక ఎవరైనా వచ్చి వాయించవచ్చు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు వాళ్ళని ముందుకు పంపండి. ఏ వరుస వాయించినా సరే, ముందు పాడండి.